మాస్కో లెక్కలో తెలంగాణ
(రామగుండంలో సర్వేపల్లి గోపాల్ స్మారకోపన్యాస పాఠం)



సర్వేపల్లి గోపాల్ పేరు చెప్పగానే మనకు ఇద్దరు గుర్తొస్తారు. ఒకరు తండ్రి రాధాకృష్ణన్, మరొకరు నెహ్రూ. ఇద్దరి జీవిత చరిత్రలూ రాసింది గోపాలే, ఆ రెండు పేర్ల నీడలో పలచబడిపోయింది కూడా ఆయన పేరే. అలాంటి చరిత్రకారుడి స్మృతిలో మాట్లాడేటప్పుడు ఆయన పుస్తకాలను వరసబెట్టి పొగిడి దిగిపోవచ్చు. అది తేలిక పని. నేను ఒక్క ప్రశ్నే తీసుకుంటాను. స్వతంత్ర భారతం విషయంలో మాస్కో మనసు ఎప్పుడు మారింది, ఎందుకు మారింది? 1955 చలికాలంలో క్రుశ్చేవ్, బుల్గానిన్ మన దేశానికొచ్చి పూలదండలు వేయించుకున్నప్పుడు మారిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 1950 జనవరికీ 1951 అక్టోబరుకీ నడుమ, స్టాలిన్ బతికుండగానే మారిందని నా వాదన. ఆ మార్పుకు గీటురాయి అయింది మన తెలంగాణ. ఢిల్లీ వైపు సాక్ష్యాన్ని గోపాల్ పుస్తకాలు భద్రంగా దాచి ఉంచాయి. మిగతా సాక్ష్యం కొంత మాస్కోలో బయటపడింది, కొంత ఇంకా మన ఊళ్లలోనే ఉంది. ఈ మాట చెప్పడానికి ఢిల్లీ కంటే రామగుండమే తగిన చోటు.

ముందు ఆయన గురించి నాలుగు మాటలు. గోపాల్ 1923 ఏప్రిల్ 23న మద్రాసులో పుట్టారు, 2002 ఏప్రిల్ 20న అక్కడే కన్నుమూశారు. ఆక్స్‌ఫర్డులో చదివారు. తొలి పుస్తకాలు వైస్రాయిల మీద: రిప్పన్ మీద 1953లో, ఇర్విన్ మీద 1957లో. తండ్రి ఒకప్పుడు వైస్ చాన్సలరుగా పనిచేసిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే వాల్తేరులో కొంతకాలం చరిత్ర చెప్పారు. 1954లో విదేశాంగ శాఖలో చారిత్రక విభాగానికి డైరెక్టరై పన్నెండేళ్లు ఆ కుర్చీలో ఉన్నారు. తర్వాత ఆక్స్‌ఫర్డులో రీడరు, ఆపైన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. నెహ్రూ జీవిత చరిత్ర మూడు సంపుటాలు 1975, 1979, 1984లో వచ్చాయి. మొదటి సంపుటానికి సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. నెహ్రూ రచనల సంపుటాలకు ప్రధాన సంపాదకుడూ ఆయనే. తండ్రి జీవిత చరిత్ర 1989లో వచ్చింది. ఇంత పనిలో రష్యా గురించి విడిగా రాసిన పుస్తకం లేదు. ఆయన్ని రష్యా నిపుణుడని ఎవరూ పిలవలేదు కూడా. అయినా తొలి పదేళ్లలో మాస్కో మనతో ఎలా మెలిగిందో తెలుసుకోవాలనుకునే వాడికి గోపాల్ పుస్తకాలు దాటి వెళ్లే దారి లేదు. మాస్కోలోని మన రాయబార కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరాలు, నెహ్రూ సొంత కాగితాలు, తండ్రి దగ్గరున్న కాగితాలు, ఈ మూడింటినీ చేతిలో పెట్టుకుని రాసిన చరిత్రకారుడు ఆయనొక్కడే.

చారిత్రక విభాగం ఉద్యోగం ఎలాంటిదో ఒక్కసారి ఊహించండి. పక్క దేశం ఒక మాట అంటుంది. ఆ దేశం అదే మాట పదేళ్ల కిందట ఎలా అన్నది, అప్పుడు మనమేం బదులిచ్చాం, ఆ బదులు ఎవరు రాశారు, ఎవరి సంతకం పడింది, ఇవన్నీ పాత దస్త్రాల్లోంచి తీసి మంత్రి బల్ల మీద పెట్టాలి. పైకి చెప్పిన మాటకూ లోపల రాసుకున్న మాటకూ ఎంత తేడా ఉందో పసిగట్టడమే ఆ కొలువులో నేర్చుకునే విద్య. బొగ్గు బాయిలో షిఫ్టు మొదలవగానే సర్దారు చేతికర్రతో పైకప్పును తట్టి చప్పుడు వింటాడు. గట్టి రాయి ఒకలా పలుకుతుంది, లోపల విడిపోయిన రాయి డోలులా మోగుతుంది. కంటికి మాత్రం రెండూ ఒకటే. దౌత్య పత్రాలను గోపాల్ చదివిన తీరు అలాంటిది. ఒక ప్రభుత్వం స్నేహమని ఎంత గట్టిగా అన్నదన్నది ఆయనకు ముఖ్యం కాదు. ఆ వారంలోనే ఇంకెవరితో ఏం మాట్లాడిందన్నది ముఖ్యం. ఈ పద్ధతిలోనే ఆయన రాసిన కాలాన్ని, ఆయన చూడలేకపోయిన కాగితాలను కూడా చదవాలి.

మాస్కోతో మన దౌత్య సంబంధాలు 1947 ఏప్రిల్ 13న, అంటే స్వాతంత్ర్యానికి నాలుగు నెలల ముందే కుదిరాయి. తొలి రాయబారి విజయలక్ష్మీ పండిట్, నెహ్రూ తోడబుట్టిన చెల్లెలు. 1949 దాకా ఉన్నారు. స్టాలిన్ ఆమెను ఒక్కసారి కూడా రానివ్వలేదు. ఆ రోజుల్లో మాస్కో పండితుల రాతల్లో నెహ్రూ అంటే సామ్రాజ్యవాదులతో చేతులు కలిపినవాడు, భారత స్వాతంత్ర్యం అంటే పేరు మారిన బానిసత్వం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరుగుతుండగా హైదరాబాద్ ఫిర్యాదు భద్రతా మండలి ముందుకొచ్చినప్పుడు దాన్ని చర్చకు తీసుకోవాలా వద్దా అన్న ఓటింగులో సోవియట్ యూనియన్ ఎటూ చేయెత్తలేదు. నిజాంను సమర్థించలేదు, ఢిల్లీకి తోడూ నిలవలేదు. నల్గొండ, వరంగల్ పల్లెల్లో అప్పటికే భూమి కోసం తుపాకులు పేలుతున్నాయి. ఆ తుపాకులు పట్టినవాళ్ళు మాస్కోను తమ దిక్కుగా అనుకుంటున్నారు. మాస్కోకు ఆ సంగతి తెలియకుండా ఉండదు.

పండిట్ తర్వాత 1949లో రాధాకృష్ణన్ వెళ్లారు. ఆక్స్‌ఫర్డు ఆచార్య పదవి వదలకుండానే ఏడాదిలో కొంతకాలం అక్కడ, కొంతకాలం ఇక్కడ పనిచేసే ఒప్పందం. రష్యన్ భాష రాదు. దౌత్యంలో అనుభవం లేదు. స్టాలిన్ మాత్రం ఆయన్ని రెండుసార్లు కలిశాడు: 1950 జనవరిలో ఒకసారి, ఆయన సెలవు తీసుకునే ముందు 1952 ఏప్రిల్ 5న ఇంకోసారి. ఏటా సెప్టెంబరు 5న మన బడుల్లో చెప్పే కథ అందరికీ తెలుసు. కళింగ రక్తపాతం చూసి అశోకుడు మారిపోయినట్టు మీరూ మారవచ్చునేమో అని రాధాకృష్ణన్ అన్నారట. చివరిసారి వెళ్లినప్పుడు స్టాలిన్ చెంప నిమిరారట. వినడానికి హాయిగా ఉంటుంది. చెంప నిమిరితే దేశాల విధానాలు మారవు. ఈ కథతో చిక్కేమిటంటే, మార్పు మొత్తం ఒక మనిషి మంచితనం ఖాతాలో పడిపోతుంది, మాస్కో వేసుకున్న లెక్క మాత్రం కనపడకుండా పోతుంది. గోపాల్ తండ్రి జీవిత చరిత్రను కొడుకు రాసినట్టు రాయలేదు. ఇంటి లోపలి మాటలు సైతం దాచకుండా రాసి చాలామంది చేత ముక్కున వేలు వేయించుకున్నారు. ఆ నిర్మొహమాటం వల్లే రాయబారం గురించిన అధ్యాయాలను నమ్మవచ్చు.

ఆ రెండు కలయికల నడుమ ఏం జరిగిందో చూడండి. 1950 జూన్ 25న కొరియా యుద్ధం మొదలైంది. జులైలో నెహ్రూ స్టాలిన్‌కూ అమెరికా విదేశాంగ మంత్రి అచిసన్‌కూ ఉత్తరాలు రాసి, చైనాను భద్రతా మండలిలోకి తెచ్చి యుద్ధం ఆపే దారి వెతుకుదామన్నారు. స్టాలిన్ రెండు రోజుల్లో బాగుందని జవాబిచ్చాడు. అమెరికా కాదంది. ఢిల్లీ మాటకు విలువ ఉందని మాస్కో లోకం ముందు ఒప్పుకున్నట్టయింది. 1951లో మనకు తిండికి కరువు వచ్చింది. గోధుమల అప్పు కోసం పెట్టిన అర్జీ వాషింగ్టన్‌లో నెలల తరబడి నలుగుతుండగా మాస్కో యాభై వేల టన్నులు పంపడానికి సిద్ధపడింది. అమెరికా చివరకు ఇచ్చినదాంతో పోలిస్తే ఆ గోధుమ పిడికెడు. అయినా వేళకు వచ్చింది, వచ్చిన తీరును అందరూ చూశారు. 1952 జనవరిలో కశ్మీర్ మీద అంతవరకూ నోరు మెదపని సోవియట్ ప్రతినిధి మలిక్ భద్రతా మండలిలో బ్రిటన్, అమెరికాల జోక్యాన్ని గట్టిగా తప్పుపట్టాడు. ఇవన్నీ స్టాలిన్ హయాంలో జరిగినవే. గోపాల్ పుస్తకాలను జాగ్రత్తగా చదివితే ఈ వరస కళ్ళకు కడుతుంది. ఆ వరసలో ఒక మెట్టు మాత్రం కనపడదు. అది ఢిల్లీ కాగితాల్లో ఉండే అవకాశమే లేదు.

ఆ మెట్టు 1951 ఫిబ్రవరి. రాధాకృష్ణన్ మన రాయబారిగా ఉన్న కాలంలోనే, మన రాయబార కార్యాలయం ఉన్న ఊళ్లోనే భారత కమ్యూనిస్టు పార్టీ నాయకులు నలుగురు రహస్యంగా దిగారు: అజయ్ ఘోష్, డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు, తెలంగాణ పోరాటాన్ని నడిపిన ఆంధ్ర కమిటీ నుంచి వెళ్లినవాళ్ళు. ముందు సోవియట్ నాయకులు సుస్లోవ్, మాలెంకోవ్, మొలొతోవ్‌లతో మాట్లాడారు. ఫిబ్రవరి 9న స్టాలిన్‌తో. ఆ సంభాషణల నకలు సోవియట్ యూనియన్ కూలిపోయాకే బయటికొచ్చింది. గోపాల్ నెహ్రూ రెండో సంపుటం రాస్తున్న రోజుల్లో అది ఢిల్లీలో ఎవరికీ అందే కాగితం కాదు.

ఆ నకలులో స్టాలిన్ అన్న మాటల్లో మన వాదనకు కావలసినవి మూడు. మొదటిది, నెహ్రూ ప్రభుత్వాన్ని తోలుబొమ్మ అనడానికి అతడు ఒప్పుకోలేదు. నెహ్రూకు జనంలో వేళ్ళున్నాయన్నాడు. తోలుబొమ్మ అంటే వియత్నాంలో బావోదాయ్ లాంటివాడని పక్కన పెట్టి చూపించాడు. మూడేళ్ళ కిందటి దాకా మాస్కో పండితులు రాసినదంతా ఈ ఒక్క మాటతో చెల్లకుండా పోయింది. రెండోది, చైనా దారి మనకు కుదరదన్నాడు. చైనా సైన్యానికి వెనక సోవియట్ సరిహద్దు ఉంది, అక్కడ వీపు ఆనించుకుని నిలబడగలిగింది, మీకు అలాంటి పొరుగు లేదన్నాడు. మూడోది రైళ్ళ సంగతి. భారతదేశంలో రైలు మార్గాలు చైనా కంటే ఎక్కువ, కాబట్టి గెరిల్లాలను చుట్టుముట్టడం సులువన్నాడు. ఈ మూడో మాటను మన ఊళ్లోనే నిలబడి పరీక్షించవచ్చు. 1920ల చివర పూర్తయిన కాజీపేట–బల్లార్షా లైను మన రామగుండం మీదుగానే గోదావరి దాటి పోతుంది. ఢిల్లీ నుంచి మద్రాసు దాకా సైన్యాన్ని ఎటంటే అటు కదపగల గ్రాండ్ ట్రంక్ మార్గం అది. గోదావరి ఒడ్డు అడవుల్లోకి తప్పుకున్న దళాలకు ఆ లైను ఎలాంటి ఉచ్చో క్రెమ్లిన్ గదిలో కూర్చున్నవాడికి పటం చూడగానే తెలిసింది. ఇక్కడివాళ్ళకు అప్పటికే ఒంటి మీద తెలుసు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. పోరాటం ఆగింది మాస్కో చెప్పినందుకు కాదు, సైన్యం నలిపేసినందుకు, మనుషులు అలిసిపోయినందుకు అంటారు. అందులో నిజముంది. 1948 సెప్టెంబరు తర్వాత కొనసాగించాలా వద్దా అని మన నాయకుల్లోనే చీలిక వచ్చింది. రావి నారాయణరెడ్డి మాస్కో మాట వినకముందే ఆపేద్దామన్నారు. ఫిబ్రవరిలో మాస్కోలో మాట్లాడితే పోరాటం ఆగింది అక్టోబరు 21న. ఆజ్ఞ అయితే ఎనిమిది నెలలు పట్టదు. కాబట్టి తెలంగాణ పోరాటాన్ని స్టాలిన్ ఆపించాడని నేననడం లేదు. ఆపడానికి కారణాలు ఈ నేల మీదే ఉన్నాయి. నేను అడుగుతున్నది తిరగేసిన ప్రశ్న: తెలంగాణ గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు స్టాలిన్ తన గురించి ఏం బయటపెట్టుకున్నాడు? నెహ్రూ ప్రభుత్వానికి జనంలో వేళ్లున్నాయని, దాన్ని కూలదోసే దారి సోవియట్ దేశానికి లాభసాటి కాదని తేల్చుకున్నాడు. అంతకు ఏడాది ముందే, 1950 జనవరి 27న, మాస్కో కనుసన్నల్లో నడిచే కామిన్‌ఫాం పత్రిక సంపాదకీయం మన కమ్యూనిస్టులకు చైనా దారిని చూపించింది. అదే నెలలో స్టాలిన్ రాధాకృష్ణన్‌ను పిలిపించుకున్నాడు. అంటే 1950 మొదట్లో మాస్కో రెండు పడవల మీద కాలు పెట్టి ఉంది. 1951 ఫిబ్రవరికి ఒక కాలు తీసేసింది. తీసేసిన చోట నిలబడి ఉన్నది మనవాళ్ళు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. పార్టీలు పార్టీలతో మాట్లాడుకోవడం వేరు, ప్రభుత్వాలు దౌత్యం నడపడం వేరు, రెంటినీ కలిపేస్తే ఎలా అంటారు. స్టాలిన్ ఇచ్చింది తోటి కమ్యూనిస్టులకు ఇచ్చిన సలహా మాత్రమే, దాన్ని విదేశాంగ విధానంగా చదవడం అతి అంటారు. 1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికలు లేకపోతే ఈ అభ్యంతరానికి నేనూ తల ఊపేవాణ్ణే. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రంలో ఎన్నికలు. కమ్యూనిస్టులు గెలుస్తామన్న ధీమాతో ఉన్నారు. కాంగ్రెసు భయపడింది. సరిగ్గా జనవరి 26న సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. ఫిబ్రవరి 2న భిలాయి ఉక్కు కర్మాగారం ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ప్రావ్దా సంపాదకీయాన్ని కాంగ్రెసువాళ్ళు అచ్చేసి ఊరూరా పంచారు. మీ మాస్కోయే నెహ్రూ మంచివాడంటుంటే మీరెవరు కాదనడానికి అని కమ్యూనిస్టు కార్యకర్తను నిలదీశారు. కమ్యూనిస్టులకు వందకు ముప్పై పైచిలుకు ఓట్లు పడ్డాయి, 196 సీట్లలో దక్కినవి 15. ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి. కాంగ్రెసు, దాని మిత్రులు ఒక్క గొడుగు కిందికి రావడం అందులో పెద్దది. అయినా పోలింగుకు పక్షం రోజుల ముందు, తమ పార్టీ గెలవబోయే రాష్ట్రంలో, తమ పత్రికలో ప్రత్యర్థిని పొగిడితే ఏమవుతుందో మాస్కోకు తెలియదనుకోవాలా? తెలిసి చేసినా, తెలియక చేసినా ఒకటే తేలుతుంది. పార్టీ బంధం ఒక పళ్ళెంలో, ఢిల్లీతో స్నేహం ఇంకో పళ్ళెంలో పెట్టినప్పుడు ముల్లు ఎటు మొగ్గుతుందో 1951 నాటికే నిశ్చయమైంది. 1955లో అది పోస్టరై గోడకెక్కింది, అంతే.

మనవాళ్ళకు ఈ సంగతి ఒప్పుకోవడం కష్టం. తెలుగు ఇళ్ళలోకి రష్యా దౌత్యం దారిన రాలేదు, పుస్తకాల దారిన వచ్చింది. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణంలో చవగ్గా దొరికిన గోర్కీ, టాల్‌స్టాయ్, పిల్లల బొమ్మల పుస్తకాలు, సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితం. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్ళు మాస్కోలో కూర్చుని మనకోసం అనువాదాలు చేశారు. ఆ ప్రేమ నిజం, ఆ పుస్తకాలు నిజం. కానీ పుస్తకాలు పంపిన దేశమూ, ప్రావ్దాలో ఆ సంపాదకీయం రాసిన దేశమూ ఒకటే. మొదటిదాని మీద అభిమానంతో రెండోదాన్ని చదవకుండా వదిలేస్తే గోపాల్ స్మృతికి మనం చేసే మర్యాద ఏమీ ఉండదు.

ఇక క్రుశ్చేవ్ సంగతి. మార్పు 1955లోనే వచ్చిందనేవాళ్ళు చూపించే సాక్ష్యం బరువైనదే: నెహ్రూ జూన్ పర్యటన, నవంబరు–డిసెంబరుల్లో సోవియట్ నాయకుల తిరుగు పర్యటన, డిసెంబరు 10న శ్రీనగర్‌లో కశ్మీర్ భారత్‌దేనన్న ప్రకటన, 1957లో భద్రతా మండలిలో వీటో. స్టాలిన్ ఇవేవీ చెయ్యలేదు. నా జవాబు ఇది. స్నేహానికి రూపమిచ్చింది క్రుశ్చేవే, శత్రుత్వాన్ని వదిలిపెట్టింది మాత్రం స్టాలిన్. రెండూ ఒకటి కావు. ప్రభుత్వాన్ని తోలుబొమ్మ అంటూ దానికి ఉక్కు కర్మాగారం కట్టివ్వలేరు. ముందు ఆ మాట పోవాలి. స్టాలిన్ చనిపోయే ముందు కలిసిన ఆఖరి విదేశీ రాయబారి కూడా మనవాడే, రాధాకృష్ణన్ తర్వాత వెళ్లిన కె.పి.ఎస్. మేనన్, 1953 ఫిబ్రవరి 17న. ఆ రాత్రి స్టాలిన్ కాగితం మీద తోడేళ్ళ బొమ్మలు గీస్తూ కూర్చున్నాడని మేనన్ రాశారు. తోడేళ్ళ అర్థం ఏమిటని చాలామంది చాలా రాశారు. నాకు ఆసక్తి కలిగించేది తేదీ. నెహ్రూ చెల్లెలిని రెండేళ్ళు గడప తొక్కనివ్వని మనిషి, తర్వాతి ఇద్దరు రాయబారులను మూడేళ్లలో మూడుసార్లు లోపలికి పిలిచాడు.

గోపాల్ మీద ఉన్న ఫిర్యాదులనూ దాటవేయకూడదు. నెహ్రూ కుటుంబం అనుమతితో నెహ్రూ కాగితాలు చదివినవాడు, నెహ్రూను ప్రేమించినవాడు, ప్రభుత్వ జీతగాడు. ఆయన చరిత్రను ఎలా నమ్మడం? 1959లో లండన్ పత్రాగారాలకు వెళ్లి అక్సాయ్ చిన్ మీద మన వాదన బలమైనదని నెహ్రూకు చెప్పింది గోపాలేనని, అది సరిహద్దు చర్చల్లో ఢిల్లీని బిగుసుకుపోయేలా చేసిందని నెవిల్ మాక్స్‌వెల్ లాంటివాళ్ళు తప్పుపట్టారు. ఆ వాదన తేల్చడం ఈ ఉపన్యాసం పని కాదు. నేను ఒక చిన్న కాగితం దగ్గర ఆగుతాను, గోపాల్ బలమూ బలహీనతా అక్కడే కనిపిస్తాయి కనక. భద్రతా మండలిలో భారత్‌ను ఆరో శాశ్వత సభ్యదేశంగా ప్రతిపాదిస్తామన్న సోవియట్ మాటను నెహ్రూ కాదని, ముందు చైనా రావాలన్నారని గోపాల్ రెండో సంపుటంలో క్లుప్తంగా రాశారు. ఆ ఒక్క వాక్యం మీద ఇప్పటికీ టీవీల్లో గొంతులు చించుకుంటున్నారు. నెహ్రూ సీటు వదులుకున్నాడని ఒకరు, అసలు ఎవరూ ఇవ్వలేదని ఇంకొకరు. 1955 జూన్ సంభాషణ మీద నెహ్రూ రాసుకున్న నోటు తర్వాత అచ్చయింది. అందులో బుల్గానిన్ తర్వాత ఎప్పుడో ప్రతిపాదించే ఆలోచన ఉందని అంటాడు. దానికి ఐక్యరాజ్యసమితి నియమావళినే మార్చాలి, ముందు చైనా విషయం తేలాలి అని నెహ్రూ అంటారు. మీ అభిప్రాయం తెలుసుకుందామనే ఎత్తాం, ఇది సమయం కాదని మేమూ ఒప్పుకుంటాం అని బుల్గానిన్ వెనక్కి తీసుకుంటాడు. ఇది చేతికిచ్చిన సీటు కాదు, తలుపు తట్టి చూడటం. గోపాల్ వాక్యం తప్పు కాదు. కానీ తట్టిన చప్పుడు ఎంత మెత్తనిదో అందులో వినపడదు. దస్త్రం మొత్తం చదివిన మనిషికి ఒక వాక్యం చాలు, చదవని మనకు చాలదు. ఆయన క్లుప్తత అక్కడ మనల్ని దెబ్బతీసింది. అయినా ఆ మాట బయటపెట్టి, కాగితం ఎక్కడుందో వెతుక్కునే దారి చూపింది కూడా ఆయనే. అభిమానంతో కళ్ళు మూసుకున్నవాడు ఆ పని చెయ్యడు. 1956 నవంబరులో హంగరీ మీద ఐక్యరాజ్యసమితిలో మన ఓటు సోవియట్ వైపు పడినప్పుడు ఢిల్లీ తడబాటునూ ఆయన కప్పిపుచ్చలేదు.

ఆ స్నేహానికి హద్దు ఎక్కడుందో తెలుసుకోవడానికి చైనా ఒక్కటి చాలు. 1959 సెప్టెంబరు 9న, చైనా సరిహద్దున లోంగ్జూలో కాల్పులయ్యాక, సోవియట్ వార్తా సంస్థ టాస్ ప్రకటన ఎవరి పక్షమూ పట్టని ధోరణిలో వచ్చింది. మూడేళ్ళ తర్వాత 1962 అక్టోబరు 25న, క్యూబా సంక్షోభంలో చైనా తోడు కావలసి వచ్చినప్పుడు, ప్రావ్దా చైనా వైపు ఒరిగింది. క్యూబా గండం గడిచాక మళ్ళీ మధ్యకు జరిగింది. 1951లో తెలంగాణ విషయంలో వేసిన తక్కెడే ఇదీ. ఆనాడు ముల్లు ఢిల్లీ వైపు మొగ్గింది, ఆ వారం బీజింగ్ వైపు మొగ్గింది. తక్కెడ మాత్రం మారలేదు. ఇందులో సోవియట్ దేశాన్ని తిట్టడానికేమీ లేదు. ఏ దేశమైనా తన లెక్కే వేసుకుంటుంది. 1993 జనవరిలో యెల్త్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు రూపాయి–రూబుల్ బాకీ తేల్చుకున్న పి.వి. నరసింహారావు, మన పక్కనున్న మంథని శాసనసభ్యుడిగా ఇరవై ఏళ్ళు ఉన్న మనిషి, ఈ లెక్కను ఏ భ్రమా లేకుండా చూశారని అనుకుంటాను. అది ఇంకో ఉపన్యాసం.

నా వాదనలో ఒక లోటు ఉంది. దాన్ని నేను పూడ్చలేను, ఈ సభలో కొందరు పూడ్చగలరు. ఢిల్లీ ఏమనుకుందో గోపాల్ పుస్తకాల్లో ఉంది. మాస్కో ఏమనుకుందో ఇప్పుడు నకలులో ఉంది. మాస్కో నుంచి వచ్చిన మాట 1951 వేసవిలో గోదావరి ఒడ్డు దళాలకు ఎలా చేరింది, ఎవరు చదివి వినిపించారు, ఎవరు ఒప్పుకోలేదు, తుపాకులు దించి మరుసటి ఏడాదే కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డిని పార్లమెంటుకు గెలిపించిన జనం ఆ మలుపును ఎలా అర్థం చేసుకున్నారు, ఇది ఢిల్లీలోనూ లేదు, మాస్కోలోనూ లేదు. అది రహస్య సర్క్యులర్లలో, జైలు ఉత్తరాల్లో, యూనియన్ మినిట్స్ పుస్తకాల్లో ఉంటుంది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, మంథని ఇళ్ళలో అటకల మీద, రేకు పెట్టెల్లో అలాంటి కాగితాలు ఉంటే చెదలు పట్టకముందే బయటికి తీయండి. ఇవ్వడానికి మనసొప్పకపోతే నకలు తీయించి అసలు మీ దగ్గరే ఉంచుకోండి. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర పత్రాగారం ఉంది. అంత దూరం కుదరకపోతే మన ఊరి గ్రంథాలయంలోనైనా ఒక ప్రతి పెట్టండి. కాగితం మీద తేదీ లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళనడిగి పెన్సిలుతో ఒక మూల రాసి పెట్టండి.